పెట్రోలా, గ్యాసా, కరెంటా? కొత్తదా, సెకండ్ హ్యాండా? పది లక్షల లోపు కారు కొనేవాళ్లకు

"లీటరుకు ఎంతిస్తుందండీ?" కారు మాటెత్తగానే మనవాళ్ల నోట మొదట వచ్చే ప్రశ్న ఇదే. అడగాల్సిన ప్రశ్నే గానీ, మొదట అడగాల్సింది కాదు. షోరూమ్ మెట్లెక్కే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ కారు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? అది తేలితే పెట్రోలా, సీఎన్‌జీయా, ఎలక్ట్రిక్కా అన్న సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఈ లెక్క నిజాయితీగా వేసుకోండి. కొనేటప్పుడు ప్రతివాళ్లూ రోజూ ఆఫీసుకు కారులోనే వెళ్తామనుకుంటారు. రెండు నెలలయ్యేసరికి ట్రాఫిక్‌కు, పార్కింగ్‌కు విసిగి మళ్లీ బండి మీదో మెట్రోలోనో వెళ్తుంటారు. మిగిలేది ఆదివారం బయటికెళ్లడం, పెళ్లిళ్లు, అమ్మానాన్నల్ని ఆసుపత్రికి తీసుకెళ్లడం, నెలకో రెండు నెలలకో సొంతూరు, సంక్రాంతి, దసరా. ఇవన్నీ కలిపినా చాలా ఇళ్లలో నెలకు 500 నుంచి 700 కిలోమీటర్లు దాటవు. రోజూ 50, 60 కిలోమీటర్లు కచ్చితంగా తిరగాల్సినవాళ్ల సంగతి వేరు. వాళ్ల లెక్క 1,500 దగ్గర మొదలవుతుంది. ఈ రెండు రకాలవాళ్లకూ ఒకే కారు మంచిదని ఎవరైనా చెబితే నమ్మకండి.

కిలోమీటరుకు ఎంత?

కంపెనీ చెప్పే మైలేజీ పరీక్ష గదిలో తేలిన అంకె. ఏసీ వేసుకుని, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ, నలుగురిని ఎక్కించుకుని తిరిగితే అది రాదు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. అందుకే చిన్న కారుకు ఊళ్లో వచ్చే అంకెలే తీసుకుందాం: పెట్రోలు లీటరుకు 16 కిలోమీటర్లు, డీజిల్ లీటరుకు 17, సీఎన్‌జీ కిలోకు 22, ఎలక్ట్రిక్ అయితే 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు. పెట్రోలు 108 రూపాయలు, డీజిల్ 96, సీఎన్‌జీ 96, కరెంటు యూనిట్ 9 అనుకుందాం. మీ ఊళ్లో ధర వేరైతే అది వేసుకోండి, లెక్క పెద్దగా మారదు.

పెట్రోలు కిలోమీటరుకు 6.75 రూపాయలు పడుతుంది. డీజిల్ 5.65, సీఎన్‌జీ 4.35, కరెంటు 1.35. ఇక్కడే ఆగితే ఎవరైనా ఎలక్ట్రిక్కే కొనాలంటారు. కానీ ఆ తక్కువ ఖర్చు కోసం ముందే ఎంత ఎక్కువ పెడుతున్నామన్నది కూడా చూడాలి.

సీఎన్‌జీ కారు అదే మోడల్ పెట్రోలు కారు కన్నా సుమారు 90 వేలు ఎక్కువ. నెలకు 600 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు గ్యాసు వల్ల మిగిలేది 1,400 పైచిలుకు. అంటే పెట్టిన 90 వేలు తిరిగి రావడానికి ఐదేళ్లు దాటుతుంది. నెలకు 1,500 తిరిగేవాళ్లకు అదే డబ్బు రెండేళ్లు దాటగానే వచ్చేస్తుంది, ఆ తర్వాత మిగిలేదంతా లాభమే. క్యాబ్ డ్రైవర్లందరూ సీఎన్‌జీ వైపు వెళ్లింది అందుకే. వాళ్లను చూసి, ఆదివారం మాత్రమే కారు తీసేవాళ్లు కూడా సీఎన్‌జీ బుక్ చేయడం నాకు అస్సలు నచ్చదు. చాలా మోడళ్లలో సిలిండర్ డిక్కీ మొత్తం ఆక్రమిస్తుంది. పండగకు ఊరెళ్తూ సూట్‌కేసు వెనక సీట్లో, పిల్లల కాళ్ల దగ్గర పెట్టుకోవాలి. టాటా వాళ్లు రెండు చిన్న సిలిండర్లు అడుగున అమర్చి డిక్కీని కొంత కాపాడారు. సీఎన్‌జీ తప్పదనుకుంటే అలాంటిదే చూడండి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) చేయించాలన్నది కూడా గుర్తుంచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మీ దారిలో గ్యాసు బంకు ఉందా? హైదరాబాద్, విజయవాడలో భాగ్యనగర్ గ్యాస్ బంకులున్నాయి గానీ ఆటోలు, క్యాబ్‌ల వెనక లైను తప్పదు. మీరు వెళ్లే వేళకే ఒకసారి ఆ బంకుకు వెళ్లి చూసిరండి, బుకింగ్ సంగతి ఆ తర్వాత.

డీజిల్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. మారుతి 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యం మీద కొత్త నిబంధనలు, అంటే బీఎస్-6 వచ్చినప్పుడే డీజిల్ కార్లు మానేసింది. ఉన్నవాటి ధర పెట్రోలు కన్నా లక్ష పైనే ఎక్కువ, కిలోమీటరుకు మిగిలేది రూపాయి పది పైసలు. 600 కిలోమీటర్లకు ఆ లెక్క ఎన్నటికీ తేలదు. బీఎస్-6 డీజిల్‌కు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. హైవే మీద కొంతసేపు ఆగకుండా పరుగెత్తితేనే ఆ మసి కాలి శుభ్రమవుతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే పూడుకుపోయి డాష్‌బోర్డ్ మీద లైటు వెలుగుతుంది, సర్వీస్ సెంటర్‌కు పరుగు తప్పదు. నిండా మనుషులతో, సామానుతో వారం వారం హైవే ఎక్కేవాళ్లకు మాత్రం డీజిల్ లాగుడు ఇప్పటికీ అవసరమే. మిగతావాళ్లు మరిచిపోవచ్చు.

ఎలక్ట్రిక్ కొనొచ్చా?

కొనొచ్చు. కానీ దీనికి ముందు మీ కారు ఎక్కడ ఆగుతుందో చెప్పాలి. సొంతిల్లు, గేటు లోపల కారు పెట్టే చోటు, అక్కడ సరైన ఎర్తింగ్ ఉన్న 15 ఆంపియర్ల ప్లగ్ పాయింట్: ఈ మూడూ ఉంటే ఎలక్ట్రిక్ కారు నిజంగా సుఖం. రాత్రి ప్లగ్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి నిండుతుంది. అపార్ట్‌మెంట్ అయితే ముందు అసోసియేషన్‌తో మాట్లాడండి. మీ మీటరు నుంచి సెల్లార్‌లో మీ స్లాట్ దాకా వైరు లాగనిస్తారా, విడిగా మీటరు పెట్టుకోమంటారా అన్నది రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి. ఇంట్లో ఛార్జింగ్ కుదరక రోజూ బయట ఫాస్ట్ ఛార్జర్ల మీద ఆధారపడితే యూనిట్ ధర రెండు రెట్లు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ పడుతుంది. కిలోమీటరుకు 1.35 అన్న ముచ్చట అక్కడితో సరి.

కరెంటు బిల్లులో మనవాళ్లు పట్టించుకోని సంగతి ఇంకోటుంది. కారు యూనిట్లు ఇంటి యూనిట్ల మీద వచ్చి పడతాయి కాబట్టి బిల్లు పై శ్లాబులోకి వెళ్తుంది. "యూనిట్ నాలుగైదు రూపాయలే కదా" అని లెక్కేయకండి. నేను 9 వేసింది అందుకే.

ధర సంగతికొస్తే, ఎలక్ట్రిక్ మీద జీఎస్టీ 5 శాతమే. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోలు కార్లకు 28 శాతం, పైన సెస్సు పోయి 18 శాతం అయింది కాబట్టి పెట్రోలు కార్లు బాగా దిగొచ్చాయి, రెండింటి మధ్య తేడా మళ్లీ పెరిగింది. తెలంగాణలో 2024 నవంబరు 18న వచ్చిన విధానంతో 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ కార్లకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. తొమ్మిది లక్షల కారు మీద 14 శాతం అంటే లక్షా ఇరవై ఆరు వేలు, చిన్న మొత్తమేమీ కాదు. అంత మాఫీ అయ్యాక కూడా చేతికొచ్చేసరికి అదే సైజు పెట్రోలు కారు కన్నా రెండున్నర లక్షలు ఎక్కువ పడిందనుకోండి. 600 కిలోమీటర్లకు నెలకు 3,240 మిగులుతుంది, ఆ రెండున్నర లక్షలు తీరడానికి ఆరేళ్లు దాటుతుంది. 1,500 తిరిగితే రెండున్నరేళ్లు చాలు.

దూరం మాటేమిటి? టాటా వాళ్ల చిన్న ఎలక్ట్రిక్ కారు టియాగో ఈవీలో పెద్ద బ్యాటరీ 24 యూనిట్లది. మన ఎండల్లో ఏసీతో హైవే మీద దానికి 200 కిలోమీటర్లు దాటుతుందని పెట్టుకోకూడదు. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు. మధ్యలో ఒకచోట ఆగి ఛార్జ్ చేయాల్సిందే, పండగ రోజుల్లో అక్కడ మీకన్నా ముందే కార్లుంటాయి. ఇంట్లో ఒకే కారు, అదే ఊరికి కూడా వెళ్లాలంటే చిన్న బ్యాటరీది తీసుకోకండి. ఇప్పటికే ఒక పెట్రోలు కారు ఉండి, ఊళ్లో తిరగడానికి రెండోది కావాలంటే ఎలక్ట్రిక్‌కు మించింది లేదు.

అసలు ఖర్చు ఇంధనం కాదు

కారు మీద నెల నెలా కనిపించేది బంకు బిల్లు కాబట్టి దాని గురించే మాట్లాడుకుంటాం. కనిపించకుండా పోయేది కారు ధర. తొమ్మిది లక్షలు పెట్టి రోడ్డెక్కించిన పెట్రోలు కారు ఐదేళ్ల తర్వాత అమ్మితే నాలుగున్నర, ఐదు లక్షలు వస్తుంది. పోయిన నాలుగు లక్షల చిల్లర నెలలకు పంచితే దాదాపు ఏడు వేలు. 600 కిలోమీటర్ల పెట్రోలు 4,050. ఇన్సూరెన్స్, సర్వీస్, టైర్లు, బ్యాటరీ కలిపి నెలకు ఇంకో రెండు వేలు. లోను వడ్డీ కలపకుండానే పదమూడు వేలు. కిలోమీటరుకు 22 రూపాయలు! లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువిచ్చే కారు కోసం వెతికితే ఇందులో నెలకు నాలుగైదు వందలు తగ్గుతాయి. ఆ ఏడు వేలు తగ్గించే దారి వెతికితే వేలల్లో మిగులుతుంది.

దారులు రెండే. ఒకటి, కొత్త కారు కొని పదేళ్లకు తగ్గకుండా వాడటం. ప్రతి ఐదేళ్లకూ కొత్త మోడల్ అంటే మోజు తీరేలోపే డబ్బు పోతుంది. రెండోది, ధర ఎక్కువగా పడే మొదటి మూడు నాలుగేళ్లు వేరేవాళ్లు భరించిన కారు కొనడం. అదే కారు నాలుగేళ్లది ఐదుంపావు లక్షలకు దొరికిందనుకుంటే, మీరు ఐదేళ్లు వాడి రెండు లక్షల డెబ్బై అయిదు వేలకు అమ్మినా నెలకు పోయేది నాలుగు వేలు. రిపేర్లకు నెలకు ఇంకో వెయ్యి పక్కన పెట్టుకోండి, అయినా రెండు వేలు మిగులుతుంది. మన రాష్ట్రంలోనే రిజిస్టరైన కారయితే లైఫ్ ట్యాక్స్ మొదటి ఓనరు కట్టేసి ఉంటాడు. నెలకు 700 కిలోమీటర్ల లోపు తిరిగే కుటుంబానికి మూడు నాలుగేళ్ల, ఒకే ఓనరు చేతిలో ఉన్న పెట్రోలు కారు కన్నా మంచి బేరం నాకు కనిపించలేదు. నేను ఇదే గట్టిగా చెబుతాను. "కొత్త కారు ముందు కొబ్బరికాయ కొట్టాలని ఉంది" అంటే ఆ ముచ్చట కాదనను, దానికీ విలువుంది. పదేళ్లు వాడతామని అనుకునే కొట్టండి.

కొత్తది కొంటుంటే కొటేషన్ కాగితం

కొటేషన్‌లో ఒక్కో వరుస మీద వేలు పెట్టి అడగండి. ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్. ఇవి తప్ప మిగతావన్నీ బేరమాడేవే: ఎసెన్షియల్ కిట్, టెఫ్లాన్ కోటింగ్, హ్యాండ్లింగ్ ఛార్జీలు. హ్యాండ్లింగ్ అని రాస్తే కొట్టేయమనండి. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూలేమీ లేదు. ఆన్‌లైన్‌లో అదే ఐడీవీకి (కారుకు పాలసీలో కట్టిన విలువ), అదే జీరో డెప్‌కు (పార్టుల పాతదనం కింద కోత లేని పాలసీ) కొటేషన్ తీసి ఫోన్‌లో చూపించండి, సగం సందర్భాల్లో వాళ్లే తగ్గిస్తారు. థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం ఎక్కడైనా ఒకటే. కొత్త కారుకు మూడేళ్లది ఒకేసారి కట్టాలి. 1,000 సీసీ లోపు 6,521, 1,500 లోపు 10,640.

తెలంగాణలో పది లక్షల గీత దగ్గర ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. అక్కడిదాకా లైఫ్ ట్యాక్స్ 14 శాతం, దాటితే 18. ఎక్స్ షోరూమ్ 9.9 లక్షల వేరియంట్‌కు ట్యాక్స్ 1,38,600. సన్‌రూఫ్ కోసమని 20 వేలు పెంచి 10.1 లక్షలది తీసుకుంటే ట్యాక్స్ 1,81,800 అవుతుంది, పైన ఒక శాతం టీసీఎస్ (ఆదాయపు పన్ను కింద షోరూమ్ ముందే పట్టుకునేది) అంటూ ఇంకో పది వేలు. టీసీఎస్ రిటర్న్స్ వేసినప్పుడు తిరిగొస్తుంది గానీ ఎక్కువ కట్టిన 43 వేల లైఫ్ ట్యాక్స్ రాదు. మన ఎండకు పైన అద్దం దేనికో నాకైతే అర్థం కాదు. ఆ డబ్బు ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (మలుపులో కారు జారకుండా ఆపే ఏర్పాటు) ఉన్న వేరియంట్ మీద పెట్టండి. "సేఫ్టీ కావాలంటే పెద్ద కారే కొనాలి" అన్న మాట ఇప్పుడు చెల్లదు. టాటా పంచ్‌కు 2021లో, కొత్త డిజైర్‌కు 2024లో కార్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐదు స్టార్లిచ్చింది, రెండూ ఈ బడ్జెట్‌లోవే. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే మాత్రం ఏ స్టార్లూ కాపాడవు.

ఆటోమేటిక్ కావాలా అంటే, హైదరాబాద్‌లో రోజూ తోలేవాళ్లకు ఏఎంటీ (క్లచ్ తొక్కనక్కర్లేని చవక ఆటోమేటిక్ గేరు) మీద 50 వేలు పెట్టడం దండగ కాదు, మోకాళ్లు మీవి. చిన్న ఊళ్లో అక్కర్లేదు.

లోను ఎన్నేళ్లు? ఈఎంఐ తక్కువగా ఉందని ఏడేళ్లకు వెళ్తుంటారు. ఎనిమిది లక్షలు 9 శాతానికి తీసుకుంటే ఏడేళ్లకు ఈఎంఐ 12,871, మొత్తం వడ్డీ 2.81 లక్షలు. ఐదేళ్లకు 16,607, వడ్డీ 1.96 లక్షలు. ఐదేళ్ల ఈఎంఐ కట్టలేమనిపిస్తే ఆ కారు మన స్థాయికి ఒక మెట్టు పైన ఉన్నట్టే, కిందిది చూడండి.

హైవే ఎక్కువగా ఎక్కేవాళ్లు ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోండి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు, 200 ట్రిప్పులకు మొదలైంది. హైదరాబాద్–విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడు టోల్‌గేట్లు. ఒక్కోటి ఒక ట్రిప్పు. రానూపోనూ ఆరు పోయినా ఒక్కో గేటుకు 15 రూపాయలే పడుతుంది. జాతీయ రహదారుల మీద మాత్రమే చెల్లుతుంది, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కాదు.

సెకండ్ హ్యాండ్ అయితే కళ్లతో, చేతులతో చూడండి

పగటి వెలుతురులో, ఇంజన్ చల్లగా ఉండగా చూస్తామని ముందే చెప్పండి. వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే స్టార్టింగ్ ఇబ్బంది దాచారేమోనని అనుమానించాల్సిందే. వెంట ఒక మెకానిక్‌ను తీసుకెళ్లండి, ఆయనకు మీరే డబ్బులివ్వండి. అమ్మేవాళ్ల మెకానిక్ వద్దు.

మన దగ్గర ముఖ్యంగా చూడాల్సింది వరదలో మునిగిన కారు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆ కార్లన్నీ తుక్కు కిందికి పోలేదు. కడిగి, సీటు కవర్లు మార్చి అమ్మినవీ ఉంటాయి. సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగండి. చుట్టలో లోపలి భాగాన్ని ఎవరూ కడగరు. అక్కడ మట్టిరంగు చార కనిపించినా, చేతికి గరగరలాడినా ఆ కారు వద్దు. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట అడుగు తడమండి, సీట్ల కింద ఇనుప పట్టాలకు తుప్పుందేమో ఫోన్ టార్చి వేసి చూడండి. కార్పెట్ ఒక మూల పైకి లేపి వాసన చూడండి. లోపల సెంటు సీసా గుప్పుమంటుంటే ఎందుకు పెట్టారో అడగండి.

యాక్సిడెంట్ సంగతి తలుపు చెబుతుంది. తలుపు తీసి అంచున ఉన్న రబ్బరు బీడింగ్ లాగితే కింద కంపెనీ వెల్డింగ్ చుక్కలు గుండ్రంగా, సమాన దూరంలో కనిపిస్తాయి. అవి లేకపోయినా, ముద్దలా ఉన్నా అక్కడ పని జరిగింది. బానెట్ కింద ఫెండర్ బోల్టుల మీద పెయింట్ లేచిపోయి ఉంటే స్పానర్ పడినట్టే. టైరు మీద నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది. నాలుగు టైర్లూ కారు ఏడాది తర్వాతివి అయి, మీటరు మాత్రం తక్కువ కిలోమీటర్లు చూపిస్తే అనుమానించండి. మీటరు అంకె తక్కువ, టైర్లు కొత్త, స్టీరింగ్ తోలు మాత్రం అరిగిపోయి నున్నగా ఉంటే ఇంకా అనుమానించండి. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి బండి నంబరు చెబితే చివరిసారి ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో చాలాచోట్ల చెబుతారు.

2023 ఏప్రిల్‌కు ముందు తయారైన పెట్రోలు కార్లు చాలావరకు 20 శాతం ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొనొద్దని కాదు, ఇంధనం పైపులు, రబ్బరు భాగాలు మెకానిక్ చేత చూపించి, మార్చాల్సి వస్తే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. ఢిల్లీ నుంచి వచ్చిన డీజిల్ కారు లక్షన్నర తక్కువకు వస్తోందంటే ఆశపడకండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అవి కలిపితే ఆ లక్షన్నరలో మిగిలేది చాలా తక్కువ.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు, అమ్మేది బాబాయి అయినా సరే. ఆర్సీలో బ్యాంకు పేరుంటే లోను తీరినట్టు ఎన్‌ఓసీ, ఆర్సీలో బ్యాంకు పేరు తీసేయడానికి ఇచ్చే ఫారం 35 చేతికొచ్చాకే పూర్తి డబ్బివ్వండి. చలాన్లు ఉన్నాయేమో నంబరు కొట్టి చూసి, ఉంటే ఆయన చేతే కట్టించండి. ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని దాచుకోవడం కాదు, వెంటనే ట్రాన్స్‌ఫర్‌కు పెట్టండి. పాత ఓనరు పేరు మీదే తిప్పితే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు ఇద్దరికీ కష్టం. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) మాత్రం కారుతో రాదు, అది మనిషిది. అందుకే మీ పాత కారు అమ్మేస్తుంటే ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ అడిగి తీసుకోండి. మూడేళ్లలోపు కొనే తర్వాతి కారు ప్రీమియంలో అది పనికొస్తుంది.